చూసేవాళ్లకు కూలి ఎవరిస్తారు?

2025 అక్టోబరులో గ్రూప్-2 ఉద్యోగాలకు ఎంపికైనవాళ్లకు నియామక పత్రాలు ఇస్తూ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఒక మాట అన్నారు. తల్లిదండ్రులను పట్టించుకోని ఉద్యోగుల జీతంలోంచి పది, పదిహేను శాతం కోసి నేరుగా ఆ తల్లిదండ్రుల ఖాతాలో వేసేలా చట్టం తెస్తామని. ఆ వీడియో మా ఊరి వాట్సాప్ గ్రూపులో తిరిగీ తిరిగీ నా ఫోన్‌కే నాలుగు దిక్కుల నుంచి వచ్చింది. కింద దండాలు, చప్పట్ల బొమ్మలు, 'గిట్లనే బుద్ధి చెప్పాలె కొడుకులకు' అని కామెంట్లు. కొత్త ఆలోచనేం కాదు, అస్సాంలో 2017లోనే ఇలాంటి చట్టం చేశారు. అక్కడ తల్లిదండ్రులకు పది శాతం, మీద ఆధారపడిన దివ్యాంగులైన తోబుట్టువులు ఉంటే మరో అయిదు.

నాకు చప్పట్లు కొట్టబుద్ధి కాలేదు. చెడ్డ చట్టమని కాదు. చూడని కొడుకు జీతం కోస్తే కోయనీ, నాకేం అభ్యంతరం లేదు. కానీ మాది నల్గొండ జిల్లా చండూరు పక్కన పల్లె. నెలనెలా సర్కారు జీతం అందుకునేవాళ్లను ఒక అరుగు మీద కూర్చోబెట్టొచ్చు. మిగతావాళ్లంతా పత్తి రైతులు, ఆటోవాళ్లు, హైదరాబాద్‌లో సెంట్రింగు పని చేసేవాళ్లు, వాచ్‌మెన్లు. వీళ్ల జీతం ఎక్కడ కోస్తారు? పైగా ఇంకో విచిత్రం ఉంది. కొడుకుకు ఉద్యోగం ఉంటే ఆసరా నిబంధనల ప్రకారం తల్లిదండ్రులకు పింఛను రాదు. అంటే కొడుకు చూస్తాడులే అని ముందు సర్కారే తన చెయ్యి తీసేసింది, ఇప్పుడు ఆ కొడుకు చూస్తలేడని కోపం చేస్తోంది.

నా అసలు గొడవ ఇది కాదు. మంచాన పడ్డ మనిషికి ముందు కావాల్సింది ఖాతాలో డబ్బు కాదు, పక్కన మనిషి. ఆ మనిషి ఎవరు, ఆమె (దాదాపు ఎప్పుడూ ఆమే) ఏం వదులుకుని అక్కడ కూర్చుంది, ఆమెకు ఎవరు ఏమిస్తున్నారు, ఈ మూడు ప్రశ్నలు అడగకుండా కొడుకుల బుద్ధి గురించి ఎంత మాట్లాడినా లాభం లేదని నాకనిపిస్తుంది. మంచాన పడ్డవాళ్లను చూసుకునే మనిషికి, ఇంటి మనిషైనా సరే, సర్కారు నెలనెలా డబ్బివ్వాలి. పింఛనులో కలిపి కాదు, విడిగా, ఆమె పేరు మీద. ఇదీ నా వాదన. దీని మీద నాకే కొన్ని అనుమానాలున్నాయి, అవి కూడా రాస్తాను.

ముసలోళ్ల ఎకరం

మా దిక్కు పల్లెల్లో ఈ ఖర్చుకు ఒక పాత ఏర్పాటు ఉండేది. కొడుకులు వేరుపడేటప్పుడు పెద్దమనుషులు కూర్చుని భూమి పంచి, ముసలోళ్ల బతుకుదెరువుకని ఎకరమో, అరెకరమో విడిగా ఉంచేవాళ్లు. చివరిదాకా ఎవరు చూస్తే, ఎవరు దినాలు చేస్తే ఆ ముక్క వాళ్లకు. కాగితం మీద ఎక్కడా ఉండదు, కానీ ఊరందరికీ తెలుసు. ఇప్పుడు ఇన్సూరెన్స్ అని పెద్ద పేర్లు పెట్టి చెప్పేదాన్ని మనవాళ్లు పెద్దమనుషుల సాక్షిగా ఎప్పుడో నడిపించారు. భూమి లేని ఇళ్లలో అయితే వంతులు. నెల పెద్దోని దగ్గర, నెల చిన్నోని దగ్గర, లేదంటే అమ్మ ఒకరికి, నాయిన ఒకరికి. ఈ వంతుల్లో ఎన్ని అవమానాలుంటాయో మళ్లీ చెప్పనక్కర్లేదు. ముప్పయి ఒకటో తారీఖు వచ్చే నెలల్లో ఆ ఒక్క రోజు అన్నం ఎవరు పెట్టాలని కొట్లాట పెట్టుకున్న ఇల్లు మా ఊళ్లోనే ఉంది.

ఆ ఎకరం ఏర్పాటు మా కళ్ల ముందే పలచబడింది. కొంత భూమి అమ్ముడుపోయి, కొంత రేట్లు పెరిగి. 2018లో రైతుబంధు వచ్చాక పాసుపుస్తకం తన పేరిట ఉంటే పైసలు తనకే పడతాయని, ముసలోళ్లతో గిఫ్ట్ డీడ్ చేయించుకున్న కొడుకులు కూడా ఉన్నారు. చేయించుకున్నాక చూడకపోతే? 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది, చూసుకోవాలన్న షరతుతో ఇచ్చిన ఆస్తిని వెనక్కి తీసుకోవచ్చు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తల్లికి అలాగే కొడుకు నుంచి ఆస్తి తిరిగి ఇప్పించింది. మంచిదే. కాకపోతే, పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయిన మనిషి ఈ కేసులు వినే ఆర్డీవో ఆఫీసు మెట్లు ఎలా ఎక్కాలి, ఎక్కడానికి ఎవరు పట్టుకోవాలి?

మెట్లెక్కిన ఒక పెద్దాయన నాకు తెలుసు. నాయిన దోస్తు. ముగ్గురు కొడుకుల మీద కేసు వేసి గెలిచాడు కూడా. ఆ చట్టం కింద ట్రిబ్యునల్ నెలకు పదివేలు మించకుండా ఇప్పించవచ్చు, ఈయనకు అంతకు చాలా తక్కువే వేశారు, అయినా కొడుకులు ఎగ్గొట్టకుండా ఇస్తున్నారు. పోయినసారి ఊరికి వెళ్లినప్పుడు అడిగితే ఒక్క ముక్కలో తేల్చేశాడు. "పైసలైతే వస్తున్నయిరా. మనిషే రాకపాయె." కేసు వేశాక కోడళ్లు గుమ్మం తొక్కలేదు. ఆ డబ్బుతో ఆయనే హోటల్ నుంచి టిఫిన్ తెప్పించుకుంటాడు. కాళ్లూ చేతులూ ఆడినన్నాళ్లు ఫర్వాలేదు. ఆ తర్వాత ఏమిటన్నది ఆయనా మాట్లాడడు, నేనూ అడగలేదు.

వదిన పని

అమ్మకు పక్షవాతం వచ్చినప్పుడు ఆస్పత్రి ఖర్చు పెద్ద సమస్య కాలేదు. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి పది లక్షలు. డెబ్బై దాటినవాళ్లకు కేంద్రం ఆయుష్మాన్ భారత్ కింద 2024 అక్టోబరు నుంచి అయిదు లక్షల కార్డు కూడా ఇస్తోంది. ఈ రెండూ మంచం మీద పడుకోబెట్టుకున్న ఆస్పత్రికి డబ్బు కడతాయి. డిశ్చార్జి కాగితం చేతికి రాగానే వాటి పని అయిపోయినట్టే. ఇంట్లో మంచం మీద పడుకుంటే ఎవరూ పైసా కట్టరు. నేను అసలు మాట్లాడుతున్న ఖర్చు అక్కడే మొదలవుతుంది.

హైదరాబాద్‌లో ఏజెన్సీలను అడిగాను. ఇరవై నాలుగు గంటలు ఉండే కేర్‌టేకర్‌కు ఇరవై వేల పైన చెప్పారు, తిండి మనదే, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు, పల్లెకు రావాలంటే ఇంకొంచెం ఎక్కువ. ఒక అమ్మాయిని పంపారు, ఒరిస్సా నుంచి వచ్చిన పిల్ల, అమ్మ మాట ఆమెకు అర్థం కాదు, ఆమె మాట అమ్మకు అర్థం కాదు. అసలే అమ్మకు నోరు ఒంకర పోయి మాట ముద్దగా వస్తోంది. ఆ పిల్ల తప్పేం లేదు, ఊరు కాని ఊళ్లో, సిగ్నల్ సరిగా రాని ఇంట్లో, ఒక ముసలామె పక్కన. నెల తిరగకుండానే వెళ్లిపోయింది. ఇక మిగిలింది వదిన.

వదిన రోజు ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూడండి. తెల్లారి లేవగానే అమ్మ కింద ప్యాడ్ తీసి, ఒళ్లు తుడిచి, వీపు చూస్తుంది. నడుము కింద ఎముక దగ్గర, మడమల దగ్గర ఎర్రబడిందేమో అని వేలితో నొక్కి చూస్తుంది. నొక్కితే తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఫర్వాలేదట. తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే పుండు మొదలవుతున్నట్టు. ఈ సంగతి ఆమెకు ఆస్పత్రిలో ఒక నర్సు చెప్పింది, ఒక్కసారి చెబితే గుర్తుంచుకుంది. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. మార్చేటప్పుడు ఈడ్చకూడదు, చర్మం లేచిపోతుంది, కింద దుప్పటి మడత పెట్టి, ఆ దుప్పటి పట్టుకుని తిప్పాలి. నేను చేస్తే అమ్మ మూలుగుతుంది, వదిన చేస్తే మూలగదు. జావ తాగించేటప్పుడు తల కింద రెండు మెత్తలు పెట్టి, చెంచా నోట్లో సరిగా పనిచేసే వైపు పెట్టి, మింగిందో లేదో గొంతు చూసి ఇంకో చెంచా. ఒక గిన్నె జావకు ముప్పావు గంట. రాత్రి కూడా రెండుసార్లు లేస్తుంది. ఎయిర్ బెడ్ కొన్నాం కాబట్టి రెండుసార్లు, లేకపోతే ఇంకా ఎక్కువే.

ఇదంతా రాకముందు వదిన పత్తి ఏరడానికి పోయేది. కలుపు, నాట్లు, మిరపకాయ కోత, ఏ పని దొరికితే ఆ పని. ఆ కూలి డబ్బు ఇప్పుడు లేదు. ఇంటి లెక్కలో అది ఎవరూ రాయరు. మందులకు నేను పంపేది రాస్తాం, డైపర్లకు అన్న పెట్టేది రాస్తాం, వదిన పోగొట్టుకున్నది మాత్రం అసలు ఖర్చే కాదన్నట్టు ఉంటుంది. అమ్మకు వచ్చే ఆసరా పింఛను 2016 రూపాయలు. అది డైపర్లకూ, కింద వేసే ప్యాడ్లకూ కూడా సరిపోదు. అందులో కేంద్రం వాటా ఎంతో తెలుసా? ఎనభై లోపు వృద్ధులకు 200, ఎనభై దాటితే 500. ఆ రెండు వందలు నిర్ణయించింది 2007లో. అప్పటి నుంచి పెట్రోలు ఎక్కడికి పోయింది, ఉప్పు ఎక్కడికి పోయింది, అది మాత్రం అక్కడే కూర్చుంది.

లెక్క కట్టడం రాదా అంటే వచ్చు

మనిషిని చూసుకునే పనికి ధర కట్టలేం, అది ప్రేమ, బాధ్యత, రుణం అని అంటారు. సర్కారుకు, కోర్టుకు ఆ ధర కట్టడం బ్రహ్మాండంగా వచ్చు. కాకపోతే ఎవరికి కట్టాలో వాళ్లు ఎంచుకుంటారు.

2020లో సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాదం కేసులో తీర్పిచ్చింది. పన్నెండేళ్ల అమ్మాయి, ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి జీవితాంతం ఇంకొకరి మీద ఆధారపడాల్సిన స్థితి. ఆమెను చూసుకోవడానికి ఇద్దరు మనుషులు కావాలని, ఒక్కొక్కరికి నెలకు అయిదు వేలని, దాన్ని ఏడాదికి లెక్కగట్టి పద్దెనిమిదితో గుణించి 21 లక్షల 60 వేలు కేవలం అటెండెంట్ల కింద వేసింది. చూసేది తల్లే కదా, ఆమెకెందుకు డబ్బని అనలేదు. అంటే 65వ నంబర్ జాతీయ రహదారి మీద నార్కట్‌పల్లి దగ్గర లారీ గుద్ది నడుము పడిపోతే, చూసుకునే మనిషికి లెక్క ఉంది. అదే నడుము బీపీ పెరిగి నరం చిట్లి పడిపోతే లెక్క లేదు. మంచం ఒకటే, ప్యాడ్లు ఒకటే, రాత్రి లేవడం ఒకటే.

సైన్యంలో పనిచేసి పూర్తిగా వికలాంగులైనవాళ్లకు అటెండెంట్ అలవెన్స్ ఉంది, ఏడో వేతన సంఘం తర్వాత దాన్ని నెలకు 6750 చేశారు. ఇవ్వాల్సిందే, ఇంకా ఎక్కువ ఇవ్వాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరైనవాళ్లకు వయసు పెరిగేకొద్దీ పింఛను పెరుగుతుంది. ఎనభైకి 20 శాతం, ఎనభై అయిదుకు 30, తొంభైకి 40, వందేళ్లు నిండితే రెట్టింపు. వయసు మీదపడితే మనిషి సాయం కావాలి, దానికి ఖర్చవుతుంది అని తెలిసే కదా ఇది పెట్టింది. మా వీధిలో పోస్టాఫీసులో చేసి రిటైరైన తాత ఉన్నాడు, ఆయనకు ఆ పెంపు వస్తోంది. ఎదురింట్లో జీవితమంతా ఆయన పొలంలోనే నాట్లేసిన అవ్వ ఉంది. అరవై అయిదేళ్లప్పుడు ఎంతో, తొంభై దాటినా ఆమెకు అంతే. ఇద్దరి మోకాళ్లూ ఒకేలా అరిగాయి.

మర్రిగూడ వైపు

వృద్ధుల గురించి రాస్తూ పోతే మా జిల్లాలో సగం కథ మిగిలిపోతుంది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి మండలాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయినవాళ్లు చిన్నతనం నుంచే ఇంకొకరి మీద ఆధారపడ్డారు. ఫ్లోరైడ్ మీద మాట్లాడటమే జీవితంగా పెట్టుకున్న శివన్నగూడెం అంశల స్వామి 2023 జనవరిలో చనిపోయాడు, ఆయన పేరు తెలియనివాళ్లు మా దిక్కు ఉండరు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాయి, కొత్తగా వంగిపోయే పిల్లలు కనబడటం లేదు, దానికి ఎవరికి దక్కాల్సిన మెప్పు వాళ్లకు దక్కాలి. కానీ అప్పటికే వంగిన ఎముకలను నల్లా నీళ్లు తిన్నగా చేయవు.

ఆ వైపు ఒక ఇంటికి బంధుత్వం మీద అప్పుడప్పుడు వెళుతుంటాను. అక్కడ నాకు అత్త వరస అయ్యే ఆమెకు డెబ్బై దాటింది. కొడుకుకు నలభై దగ్గర. మోకాళ్లు ఛాతీ దగ్గరికి ముడుచుకుపోయి ఉంటాయి. ఎత్తి కమోడ్ కుర్చీ మీద కూర్చోబెట్టాలి, దింపాలి. ఇన్నాళ్లూ ఆమే ఎత్తింది. ఇప్పుడు ఆమెకే నడుము పట్టేసింది. "నేను పండుకుంటే వీడికెవరు, వీడు పండుకునే ఉన్నడు కదా, నేను పండుకునుడెట్ల?" అంది. కొడుకుకు దివ్యాంగుల పింఛను వస్తుంది, 2023లో 4016 చేశారు. 2023 ఎన్నికల ముందు కాంగ్రెస్ చేయూత కింద దివ్యాంగులకు ఆరు వేలు, మిగతావాళ్లకు నాలుగు వేలు అని హామీ ఇచ్చింది కదా. ఆ ఆరు వేలు వచ్చినా ఆమె నడుము సంగతి అందులో లేదు. నేషనల్ ట్రస్ట్ కింద లక్ష రూపాయల నిరామయ బీమా ఉందని ఎవరో చెబితే కనుక్కున్నాను. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకే. ఎముకల ఫ్లోరోసిస్ ఆ నాలుగింట్లో లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఎక్కువ సాయం అవసరమైనవాళ్ల కోసం 38వ సెక్షన్ అని ఒకటి ఉంది, బోర్డుకు దరఖాస్తు పెట్టుకుంటే ఏం సాయం కావాలో తేలుస్తారట. అత్తకు ఆ సెక్షన్ చదివి వినిపించాను. శ్రద్ధగా విని, "మరి ఎత్తెటానికి మనిషిని పంపుతరా?" అని అడిగింది.

నా అనుమానాలు

ఇప్పుడు నా వాదనకు ఎదురు వాదనలు. సులువైనది ముందు. కన్నవాళ్లను చూసుకోవడానికి జీతమా, సిగ్గు లేదా అని. ఈ మాట అనేవాళ్లలో రాత్రి లేచి ప్యాడ్ మార్చినవాళ్లు నాకు ఇంతవరకు కనబడలేదు, కాబట్టి దీన్ని ఇక్కడితో వదిలేస్తాను.

రెండోది దొంగ లెక్కలు. నడిచేవాళ్లను కూడా మంచాన పడ్డారని రాయించుకుంటారు, ఊళ్లో పలుకుబడి ఉన్నవాడి అమ్మ పేరు ముందు ఎక్కుతుంది. నిజమే, ఎక్కుతుంది. వైకల్యం ఎంతో తేల్చే సదరం క్యాంపుల్లో పర్సంటేజీ కోసం ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. కానీ పక్షవాతం వచ్చి మంచాన పడటం ఊళ్లో దాచగలిగే విషయం కాదు. ఆశా కార్యకర్తను అడిగితే ఏ ఇంట్లో ఎవరు పడున్నారో నిద్రలో లేపినా చెబుతుంది. జిల్లా కేంద్రాల్లో నయం కాని జబ్బులవాళ్ల బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ విభాగాలున్నాయి, 'ఆలన' బండ్లు ఇళ్లకు వెళుతున్నాయి. ఆ బండిలో వచ్చే నర్సు వీపు చూస్తే చాలు, చూసుకునే మనిషి నిజంగా చూస్తోందో లేదో ఆ వీపే చెబుతుంది.

మూడోది నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది. ఇంటి మనిషికి డబ్బిస్తే, ఆ డబ్బే ఆమెకు సంకెల అవుతుందా? జర్మనీలో 1995 నుంచి దీర్ఘకాల సంరక్షణ బీమా ఉంది. అక్కడ ఇంట్లోవాళ్లే చూసుకుంటే నెలకు కొంత నగదు ఇస్తారు. జపాన్ 2000లో తన పథకం మొదలుపెట్టినప్పుడు ఆ నగదు వద్దంటే వద్దనుకుంది. నలభై ఏళ్లు నిండినవాళ్లందరి దగ్గరా ప్రీమియం వసూలు చేస్తారు కానీ ఇచ్చేది సేవలే, ఇంటికొచ్చే మనిషి, పగటిపూట ఉంచుకునే కేంద్రం ఇలాంటివి. నగదు వద్దని గట్టిగా కొట్లాడింది అక్కడి మహిళా సంఘాలే. నగదు ఇస్తే కోడలిని ఇంట్లో కట్టిపడేస్తారు, ఎలాగూ డబ్బొస్తోంది కదా నువ్వే చెయ్యి అంటారు అని వాళ్ల భయం. ఆ భయం అబద్ధమని నేను అనలేను. మా ఇంట్లోనే రేపు వదినకు అయిదు వేలు వస్తే, వచ్చే ఏడు పత్తి ఏరడానికి పోతానంటే ఎవరేమంటారో నాకు తెలుసు.

అయినా నేను నగదు వైపే ఉంటాను, ఎందుకంటే జపాన్‌లో నగదు వద్దంటే బదులుగా ఇంటికి మనిషి వచ్చింది. మా దిక్కు నగదు వద్దంటే ఏమీ రాదు. 2007 చట్టంలోనే జిల్లాకో వృద్ధాశ్రమం, నూటయాభై మందికి, అని రాసి ఉంది, పద్దెనిమిదేళ్ల తర్వాత కూడా ఎక్కడుందో వెతుక్కోవాలి. ఊరూరా వైకుంఠధామం పేరుతో శ్మశానం కట్టారు, అది చూస్తే తలచుకుంటే ఎంత తొందరగా కట్టగలరో అర్థమవుతుంది. వైకుంఠధామానికి పోయే ముందు మనిషి మంచం మీద గడిపే ఏళ్లకు మాత్రం ఊళ్లో ఒక గది లేదు.

అందుకని నగదు సగం, మనిషి సగం అంటాను. ఇంటి మనిషికి నెలకు కొంత డబ్బు, ఊళ్లో ఇంకొక మనిషికి కూలి. ఆ రెండో మనిషి రోజుకు రెండు గంటలు నాలుగైదు ఇళ్లు తిరిగి పక్క మార్చడంలో, ఒళ్లు కడగడంలో సాయం చేస్తుంది. కూలి ఇచ్చి మనుషులను చూసుకునే పని పెట్టడం మనకు కొత్త కాదు. ఉపాధి హామీ చట్టంలో పని దగ్గర చిన్నపిల్లలు అయిదుగురుంటే వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టి, తట్టమోసినవాళ్లతో సమానంగా కూలి ఇవ్వాలని రాశారు. పిల్లలను చూడటం పని అయినప్పుడు ముసలివాళ్లను చూడటం ఎందుకు కాదు?

పక్కింటామె

ఇది జరిగే పనేనా అంటే, పాలమూరు వైపు ఒకచోట జరుగుతుండగా చూశాను. నాతో పనిచేసే అతని ఊరు మక్తల్ దగ్గర. వాళ్ల అన్నదమ్ములిద్దరూ పుణెలో మేస్త్రీలు, ఇతను హైదరాబాద్‌లో. ఊళ్లో నాయిన ఒక్కడే, తొడ ఎముక విరిగి మంచంలో. ఆ వైపు ఊళ్ల సంగతి తెలిసిందే, బతకపోయినవాళ్లు బతకపోగా మిగిలేది ముసలోళ్లూ, పసిపిల్లలూ. ముగ్గురూ కలిసి పక్కింటామెను ఒప్పించారు. నెలకు మూడు వేలు, దాంతో పాటు బియ్యం. ఆమె పొద్దున, మధ్యాహ్నం, రాత్రి వచ్చి అన్నీ చేస్తుంది. ఏజెన్సీ మనిషి కన్నా ఎంతో నయం, ఆయన తిట్టే తిట్లు ఆమెకు అర్థమవుతాయి, తిరిగి తిట్టగలదు కూడా.

ఇక్కడ ఒక మాట రాయకపోతే అబద్ధమవుతుంది. ఆమె కులం వేరు. ఆ పెద్దాయన జీవితంలో ఎన్నడూ ఆమె ఇంట్లో మంచినీళ్లు తాగలేదు. ఇప్పుడు ఆమే కడుగుతుంది. ఆమె తెచ్చిన అన్నం మాత్రం మొదట్లో తినలేదట, ఇంకొకరు వండి పంపితే తిన్నాడు. తర్వాత ఆ పంపేవాళ్లు పొలం పనుల్లో పడి మానేస్తే ఈమె వండిందే తింటున్నాడు. మా సహోద్యోగి దీన్ని ఏదో మంచి మార్పులా చెప్పబోయాడు కానీ నాకు అలా అనిపించలేదు. రేపు సర్కారు ఊరికో మనిషిని పెడితే, మలమూత్రాలు ఎత్తే ఆ పనికి ఏ వాడల నుంచి ఆడవాళ్లను పెడతారో, ఏ ఇళ్లలో ఆమెను వెనక తలుపు నుంచి రమ్మంటారో ఊహించడం కష్టం కాదు. ఈ పనికి మంచి కూలి, శిక్షణ, ఒక యూనిఫాం, ఆస్పత్రి నర్సుతో నేరుగా ఫోన్‌లో మాట్లాడే హోదా లేకపోతే ఇది పాత వెట్టికి కొత్త పేరవుతుంది. మూడు వేలు మంచి కూలి కాదు. ఇచ్చేవాళ్లకు అంతకంటే లేదు, అది వేరే సంగతి. ఆ తేడా పెట్టాల్సింది సర్కారు.

డబ్బెక్కడిది అంటారు. రైతు భరోసా కింద ఎకరాకు ఏడాదికి 12 వేలు ఇస్తున్నారు. నాకు రైతు భరోసా మీద కోపం లేదు, అన్న తీసుకుంటున్నాడు. కానీ విత్తనం పెట్టాడా, కౌలుకిచ్చి హైదరాబాద్‌లో కూర్చున్నాడా అని చూడకుండా భూమికి ఇవ్వగలిగిన సర్కారు, రాత్రీ పగలూ చేసే పనికి ఇవ్వలేనంటే నమ్మబుద్ధి కాదు. పది ఎకరాలు దాటినవాళ్లకు ఆపినా ఊళ్లలో ఎవరూ ఆకలితో పడుకోరు. కేరళలో ఆశ్వాసకిరణం అని మంచాన పడ్డవాళ్లను చూసుకునేవాళ్లకు నెలకు ఆరు వందలు పెట్టారు. ఆరు వందలతో ఏమొస్తుంది అని నవ్వొచ్చు, కానీ చూసుకునే మనిషి అని ఒకరున్నారని ఒక రాష్ట్రం తన పద్దులో రాసుకుంది. మన పద్దులో ఆ పేరుకు ఇంకా వరసే లేదు.

ఎంత ఇవ్వాలి అన్నదాని మీద నాకు పట్టుదల లేదు. మా దిక్కు ఆడకూలీకి నెలలో సగం రోజులు పని దొరికితే ఎంత వస్తుందో అంతకు తగ్గకుండా ఉంటే న్యాయం. ఒకసారి వదినను అడిగాను, ఇట్ల డబ్బులొస్తే ఏం చేస్తవ్ వదినా అని. ఆలోచించకుండానే చెప్పింది. "నాలుగొద్దులు అమ్మగారింటికి పోయొస్త. ఆ నాలుగొద్దులు మీ అమ్మను సూసెటోళ్లకు కూలిస్త." అదే మాట అన్నకు చెబితే, డబ్బొస్తే ఎరువుల బాకీ తీర్చొచ్చన్నాడు. అన్న చెడ్డవాడు కాదు, ఎరువుల బాకీ నిజంగానే ఉంది.

కాబట్టి ఇలాంటి పథకం ఎప్పుడైనా వస్తే నేను ముందు చూసేది ఎంత అని కాదు, ఎవరి ఖాతాలో అని. అమ్మ ఖాతాలో వేస్తే పింఛనులో కలిసిపోతుంది. అన్న ఖాతాలో వేస్తే ఎరువుల షాపుకు పోతుంది. వదినకు మహిళా సంఘం పొదుపు కోసం తీసిన ఖాతా ఒకటి ఉంది, దాని పాసుబుక్కు ఆమె దగ్గరే ఉంటుంది, ఏటీఎం పిన్ను కూడా ఆమెకే తెలుసు. అందులో వెయ్యాలి.